దొర కారు

కొల్లాపూర్‌లో అందరూ దొర అని పిలిచే నర్సింగరావు తన పాత కారు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

"కొత్తది నీకెందుకు బిడ్డా? గిది తీస్కపో. జర కూడ గీత పడనియ్యలె."

నర్సు చదువు ముగించి నాగర్‌కర్నూల్ దవాఖానలో ఈమధ్యే ఉద్యోగంలో చేరిన సువార్త బండి చుట్టూ తిరిగి చూసింది. ఇంజన్ బాగుంది, ధర న్యాయంగానే ఉంది. కొత్త కారు తన జీతానికి బరువని ఆమెకూ తెలుసు. తండ్రి దానియేలు అప్పుడే తాళం కోసం రెండు చేతులూ చాచాడు.

ఆ చేతులు చూడగానే ఆమెకు ఇంట్లోని స్కూటర్ గుర్తొచ్చింది. నాన్న ఇరవై ఏళ్ల కింద దాన్ని ఈ దొర దగ్గరే పాతదిగా కొన్నాడు. నేటికీ నాన్న ఎదురైతే ఊళ్లో "దొర స్కూటర్ వచ్చింది" అంటారు. దానియేలు వచ్చాడని ఎవరూ అనరు.

"వద్దు సారూ," అంది.

ఆమె 'దొరా' అననందుకు దానియేలు ఉలిక్కిపడ్డాడు. నర్సింగరావు నవ్వాడు.

"కొత్త కారు మీద గంత మోజా?"

"పాతదే కొంట. వనపర్తిల, ఎవరో తెల్వనోళ్ల దగ్గర కొంట."

"దానికీ దీనికీ ఫరకేంది?"

"అది ఊర్లకొస్తే, సువార్త వచ్చింది అంటరు."

దానియేలు చాచిన చేతులు మెల్లగా దించేశాడు.