గడియారం సెంటర్లో రాతి బెంచీ

పాతిక కిలోల పరుపు నెత్తిన ఉన్నవాడికి "తప్పుకోండి" అని అరిచే ఊపిరి ఎక్కడిది? టీ తాగుతున్న జనమే చూసుకుని దారిచ్చారు. ఆటోవాడు ఇనుప స్తంభాల దగ్గర దింపిపోయిన పాత పరుపును మోసుకుంటూ బుడే తన కొట్టుదాకా నడిచాడు. రెండు వందల పన్నెండు అడుగులు. పొద్దుట నుంచి ఇది రెండో పరుపు.

బుడేకి అరవై రెండేళ్ళు. మనిషి సన్నం, మెడ మాత్రం దుక్కిటెద్దు మెడ. గడ్డంలో ఏది నెరిసిందో ఏది దూదో అతని భార్య జహీరున్నీసాకి కూడా తెలియదు. ముప్పై నాలుగేళ్ళుగా గడియారం సెంటర్లో దూది ఏకి పరుపులు కుడుతున్నాడు. ఊళ్ళో సగం మంది అతని కుట్ల మీదే నిద్రపోతారు. కానీ ఎవరైనా ఆ మాట తలుచుకున్నారా? నిద్రపోయేవాడికి పరుపు గుర్తుంటుందా, ఎక్కడైనా!

పోయిన మిరప కోతలప్పుడు మునిసిపాలిటీవాళ్ళు సెంటర్లోకి బళ్ళు రాకుండా స్తంభాలు పాతారు. నున్నటి బండలు పరిచారు, రాతి బెంచీలు వేశారు. ఉన్నమాట చెప్పుకోవాలి, బాగుంది. ఇదివరకు మిరప బస్తాల లారీల మధ్య రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు పసిపిల్లలు పరిగెడుతున్నారు. టీ కొట్టుకీ గాజుల కొట్టుకీ ఊపిరి సలపని బేరాలు. కానీ పరుపును చంకలో పెట్టుకుని నడిచొచ్చే మారాజు ఎవడు?

బరువు సరుకులమ్మే కొట్లవాళ్ళు స్తంభాలు తీసెయ్యమని అర్జీ రాసి తెస్తే బుడే వేలిముద్ర వెయ్యలేదు.

"రోడ్డు బాగుందయ్యా. మన పనే దానికి సరిపళ్ళేదు," అన్నాడు.

అంతటితో ఊరుకున్నాడా? "ఆటో స్తంభాల దగ్గర దింపించండి, మిగతాది నా నెత్తి చూసుకుంటది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఎనిమిది నెలలు మోశాడు. ఇలాంటివాణ్ణి వెర్రివాడనే అంటుంది లోకం. నేను మాత్రం అనను.

"మెడ విరిగాక కొట్టుంటే ఏంది, పోతే ఏంది?" అని జహీరున్నీసా రోజూ పోరుతూనే ఉంది.

కొట్టు సొంతదారు మాలిక్ పది గంటలకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్రతనం పోలేదు గానీ మంచివాడు.

"బాబాయ్, ఐస్‌క్రీములోళ్ళు మళ్ళీ ఈ కొట్టు అడిగారు. నిన్ను పొమ్మని నా నోటితో అనను. ఉంటానంటే వాళ్ళకి లేదని చెప్పేస్తా. సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పు."

"చెప్తాలేరా," అన్నాడు బుడే. ఈ కొట్టు కాకపోతే తనెవరో అతనికి తెలియదు. అదీ అతని భయం.

ఎలీసమ్మ టీచరు కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రెండో పరుపు ఆవిడదే. బడి మానేసి పదేళ్ళయినా ఊరికి ఆవిడ టీచరే. బుడే పరుపు మూతి కుట్టేదాకా ఆగుదామని ఎదురుగా బెంచీ మీద కూర్చుంది, కూర్చున్నంత వేగంగా లేచింది.

"అమ్మో, పెనం! ఇక్కడ మనుషులు కూర్చుంటారా, అట్లు పోస్తారా?"

బుడే నవ్వుతూ తన ముక్కాలిపీట తెచ్చి వేశాడు. మళ్ళీ పనిలో పడి, ఆవిడ పాత దూదిలోంచి ఏకకుండా ఉంచిన గుప్పెడు తీసి కొత్త పరుపు నడుమ పెట్టాడు.

"ఇంకా ఆ అలవాటు మానలేదా బుడే?"

"మా నాయన చెప్పిందేనండి. పాత దూది గుప్పెడన్నా లేకపోతే కొత్త పరుపు మీద నిద్ర పట్టదంట."

మూడింటికి పరుపు నెత్తికెత్తుకున్నాడు. టీచరు వెనక నడిచింది. నూట నలభై అడుగులు బాగానే నడిచాడు. ఆ తర్వాత మెడలోంచి ఏదో జివ్వుమని చేతిలోకి పాకింది, వేళ్ళు పట్టు వదిలేశాయి. పరుపు జారి దారి పక్క బెంచీ మీద పడింది. ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి, "నువ్వు కూర్చో తాతా" అంటూ దాన్ని ఆటో దాకా మోసేశారు. ఎనిమిది నెలలుగా తను మోసే బరువు వాళ్ళకి ఆటలా ఉంది. బుడేకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

టీచరు కర్ర పొడుచుకుంటూ దగ్గరికొచ్చింది. అతని భుజం తట్టి ఆటో ఎక్కింది.

ఆ బెంచీ మీద అతను కూర్చోవడం అదే మొదటిసారి. రాయి కాలుతోంది, గట్టిగా ఉంది. అయినా అక్కడి నుంచి సెంటరంతా కనిపించింది. గడియారం కింద ఒక పిల్ల బుడగ వెంట పడుతోంది. ఒక్క హారనూ లేదు. చాలాసేపు చూశాడు.

సాయంత్రం మాలిక్ వచ్చేసరికి బుడే ఏదో కుడుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా తను కూర్చున్న దిండు మూతి విప్పి పక్కన పడి ఉంది.

"కొట్టు ఇచ్చెయ్‌రా వాళ్ళకి," అన్నాడు తలెత్తకుండా. "దూదేకే మిషను రేపు తోపుడుబండి మీద పట్టుకుపోతా. ఇంటికాడ దిండ్లు కుట్టుకుంటాం, నేనూ మీ పిన్నీ."

మాలిక్ అతని ఒళ్ళోని గుడ్డ పట్టి చూశాడు. "మరిదేంది బాబాయ్?"

"ఎదురు బెంచీకి."

"నీ కొట్టు పోగొట్టిన సెంటరుకి పరుపు కుడుతున్నావా!"

"సెంటరుకెందుకురా? టీచరమ్మ కూచోవద్దూ?"

దబ్బనం జేబులో పెట్టుకుని, తాళంచెవి మాలిక్ చేతిలో పెట్టి, నెత్తిన ఏ బరువూ లేకుండా స్తంభాల వైపు నడిచాడు బుడే. ఆ రోజు అడుగులు లెక్కపెట్టలేదు.

మర్నాటి ఎండకి కొట్టెదుటి రాయి మీద నీలిచారల పరుపుంది. బెంచీ కాళ్ళకి నాలుగు మూలలా పురికొస ముడులు, నడుమ ఎక్కడో గుప్పెడు పాత దూది.