గరువుపాలెం నుంచి ఫోను

పొద్దున పదయ్యేసరికి పిచ్చేశ్వరరావు చేతిలో సూది ఆగిపోయేది. గిలకలదిండి రేవులో వలలు బాగుచేసే రేకుల షెడ్డు కింద, వంచిన తల ఎత్తకుండా కుట్టుకుపోయే మనిషి ఆ వేళకి మాత్రం వలని ఒళ్లోంచి పక్కకి నెట్టి, జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అందులో ‘ఒడ్డు మాట’ వచ్చేది.

అది పెద్ద రేడియో కాదు. రేవు పక్కన మేడ మీద రెండు గదులు, చప్పుడు రాకుండా గోడలకి కొట్టిన పాత పరుపులు, ఒక మైకు, జీవరత్నం అనే ఒక మనిషి. అంతే. జీవరత్నం ఆ రేవులో పుట్టిన పిల్లే. వాళ్లమ్మ చేపల బుట్ట మోసి చదివించింది. మంగినపూడి నుంచి దివిసీమ చివరిదాకా సముద్రం అంచున ఉన్న పాలేలన్నిటికీ గవర్నమెంటు కబురు అక్కడే తెలిసేది. వేట నిషేధం భృతి ఎవరికి పడింది, ఎవరికి పడలేదు, డీజిలు రాయితీ ఎందుకు ఆగింది, జెట్టీ ఎప్పుడు కడతారు, ఏదైనా ఫోన్ చేసి అడగొచ్చు. ఫోనులో యాప్ పెట్టుకుంటే ఎంత దూరాన ఉన్నా వినొచ్చు. ఆవిడ ఆఫీసర్లని బతిమాలో బెదిరించో తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టి జవాబు చెప్పించేది. టీవీ వాళ్ల తెలుగు కాదు, రేవు తెలుగు.

“ముందు పేరు చెప్పు, తర్వాత పాలెం చెప్పు, ఆ తర్వాత గోడు చెప్పుకో మావయ్యా. గోడుతో మొదలెడితే నీ పేరు వచ్చేసరికి టైమైపోద్ది” అనేది.

పిచ్చేశ్వరరావు కాచుకునేది ఆ పాలెం పేరు కోసమే. ఎవరి గోడూ అతనికి పట్టేది కాదు. పాలెం పేరు వినగానే అతని మొహంలో ఏదో వెలిగి మళ్లీ ఆరిపోయేది. గరువుపాలెం అనే మాట ఎన్నడూ రాలేదు.

“ఏం మావా, నీ లాటరీ నంబరు ఇవాళన్నా తగిలిందా?” అనేవాడు పక్కన కుట్టే బుచ్చిరాజు.

“లేదు” అని సూది తీసుకునేవాడు. మాటలు తక్కువ మనిషి. ఆ ఒక్క మాట కూడా బుచ్చిరాజు మొహం చూసి మర్యాదకి అన్నదే.

అంత తక్కువ మాట్లాడే మనిషిని ఊళ్లోంచి తరిమింది మాటే. గరువుపాలెం దివిసీమలో, కోడూరుకి అవతల, ఒక పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. రెండేళ్ల కిందట పాలెం పెద్దలే కొందరు రొయ్యల చెరువుల కోసం మొగ పక్కన మడ చెట్లు నరికించారు. మడ పోతే గట్టు నిలవదు, ఇసుక జారి మొగ పూడిపోతుందని అందరికీ తెలుసు. అందరూ ఇళ్లలో గొణుక్కున్నారు. పిచ్చేశ్వరరావు ఒకరోజు ‘ఒడ్డు మాట’కి ఫోన్ చేసి, పేరు చెప్పి, పాలెం చెప్పి, మడ ఎవరు నరికిస్తున్నారో ఆ పేర్లూ చెప్పి పెట్టేశాడు. నాలుగు మాటలు. మధ్యాహ్నానికల్లా ఆఫీసర్లు జీపు వేసుకుని వచ్చారు.

పాలెం మాట పాలెం దాటకూడదన్నది వాళ్ల కట్టుబాటు. సాయంత్రం గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. భుజం మీది కండువా తీసి నేల మీద పరిచి, నాదే తప్పు అని అంటే అక్కడితో సరి అన్నారు. పిచ్చేశ్వరరావు కండువా తియ్యలేదు. వెలి వేశారు. ఇక ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, పేరెత్తకూడదు, నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదు. ఆ రేడియోకి కూడా పాలెంలోంచి ఇంకెవరూ ఫోన్ చెయ్యకూడదు.

అతనికి భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. చెల్లెలు సీతారావమ్మ ఇల్లే ఇల్లు. చెల్లెలి మొగుడు వెంకటపతి అతనికి బావ మాత్రమే కాదు, ఇద్దరిదీ ఒకటే పడవ. మీసాలు మొలిచిన నాటి నుంచి ఒకడు వల వేస్తే ఒకడు చుక్కాని పట్టాడు. ఆ రోజు గుడి ముందు వెంకటపతి తల ఎత్తలేదు. మర్నాడు పిచ్చేశ్వరరావు సంచీ సర్దుకుని వెళ్తుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడితే వాళ్లనీ వెలి వేస్తారు. అతనే తల తిప్పుకుని గబగబా నడిచాడు, ఆవిడ నోరు జారకముందే.

ఇదీ సంగతి. తినడానికి ఉంది, పడుకోవడానికి ఉంది, రేవులో అందరూ మావా, బాబాయ్ అంటారు. అయినా తనవాళ్ల నోట ఒక్క పిలుపు వింటే చాలని ఆ మనిషి ప్రాణం కొట్టుకునేది. ఫోన్ చేస్తే వాళ్లు ఎత్తరు, ఎత్తకూడదు. అందుకని రేడియో.

ఒక మంగళవారం జీవరత్నమే షెడ్డుకి వచ్చింది.

“బాబాయ్, ఇవాళ మొగల పూడిక గురించి మాట్లాడటానికి ఆఫీసరు గారు వస్తున్నారండీ. అన్ని పాలేల నుంచీ ఫోన్లు వస్తాయి, మీ పాలెం నుంచి తప్ప. మీరొచ్చి మీ మొగ సంగతి చెప్పండి.”

“ఆ పాలెం మాట చెప్పడానికి నేనెవరినమ్మా?”

“పోనీ చెప్పకండి. వచ్చి కూర్చోండి. ఫోన్లో వినే బదులు ఎదురుగా వింటారు. టీ కూడా ఇప్పిస్తా.”

“పో మావా, పో” అన్నాడు బుచ్చిరాజు. “నువ్వు నోరు తెరిస్తే మళ్లీ జీపులొస్తాయి, మాక్కూడా కాలక్షేపం.”

ఏమనుకున్నాడో లేచాడు.

పరుపుల గదిలో ఒక మూల బెంచీ మీద కూర్చున్నాడు. ఆఫీసరు గారు కుర్రాడే, మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఫోన్లు మొదలయ్యాయి. మంగినపూడి నుంచి ఒకావిడ మొగ సంగతి వదిలేసి కార్డులో తన వయసు తప్పు పడిందని పోట్లాటకి దిగింది. “నన్ను మా అత్త కంటే పెద్దదాన్ని చేశారయ్యా, మా అత్త ఒకటే నవ్వుతంది” అంటే ఆఫీసరు గారికీ నవ్వొచ్చింది. తర్వాత నాగాయలంక వైపు నుంచి ఇద్దరు మాట్లాడారు. మధ్యలో జీవరత్నం మైకులో అంది:

“గరువుపాలెం పిచ్చేశ్వరరావు బాబాయి గారు ఇక్కడే మా గదిలో కూర్చున్నారండీ. వాళ్ల మొగ గురించి చెప్పమంటే నోరు విప్పట్లేదు. టీ మాత్రం తాగారు.”

పిచ్చేశ్వరరావు చెయ్యి ఊపి వద్దన్నాడు. అప్పటికే అనేసింది.

ఇంకో ఫోను తర్వాత, గాలి హోరుతో ఒక గొంతు వచ్చింది.

“పేరు వెంకటపతి. పాలెం గరువుపాలెం.”

పిచ్చేశ్వరరావు బెంచీ అంచు పట్టుకున్నాడు.

జీవరత్నం కూడా తడబడింది. “మావయ్యా, మీ పాలెం నుంచి మాకు ఫోన్ చెయ్యకూడదని కట్టుబాటు కదా?”

“పాలెం నుంచి చెయ్యట్లేదమ్మా. నీళ్ల మీద నుంచి చేస్తన్నా.”

ఆఫీసరు గారికి అర్థం కాలేదు గానీ పిచ్చేశ్వరరావుకి అయింది. నిజమే. కట్టుబాటు నేల మీదే. నీళ్ల మీద పిలిచినవాడు ఎవడైనా, వెలివేసినవాడైనా, పగవాడైనా, పలకాల్సిందే. పలక్కపోతే గంగమ్మ ఊరుకోదని తాతల నాడే ఆ సడలింపు పెట్టారు. పడవలు మునిగే చోట మనిషికి మనిషి పలక్కపోతే ఎలా? అది తుఫానుకీ ఆపదకీ పెట్టినది. ఫోనుకి కూడా పనికొస్తుందని ఎవరికీ తట్టలేదు. ఎన్నాళ్లు తలకిందులుగా ఆలోచిస్తే వెంకటపతికి తట్టిందో.

“మా మొగ పూడిపోయింది సారూ” అంటున్నాడు వెంకటపతి. “పోటెక్కితే తప్ప పడవ లోపలికి రాదు. ఇప్పుడు కూడా పోటు కోసం బయట లంగరేసి కూర్చున్నా. అందుకే ఇంత తీరిగ్గా మాట్లాడతన్నా. తవ్వుతారా, తవ్వరా? తవ్వకపోతే ఆ మాటే చెప్పెయ్యండి.”

ఆఫీసరు గారు పాలెం పేరు మళ్లీ అడిగి, తనే ఆ వారంలో వచ్చి చూస్తానన్నాడు. “రండి. మాట తప్పితే మళ్లీ నీళ్ల మీదకెళ్లి ఫోన్ చేస్తా” అన్నాడు వెంకటపతి. కాస్త ఆగి, “అమ్మాయ్, ఇందాక నువ్వు ఒక మనిషి పేరు చెప్పావు. ఉన్నాడా, లేచిపోయాడా?” అన్నాడు.

జీవరత్నం రేడియోలో పాట వేసింది. ఆ లైనుని పక్క గదిలో ఉన్న ఫోనుకి మార్చి, పిచ్చేశ్వరరావుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఫోను అందించి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

“బావా” అంది ఫోను.

పిచ్చేశ్వరరావు ఫోనుని చెవికి అదిమి పట్టుకున్నాడు.

“ఏం బావా, ఉన్నావా? ఊపిరి వినపడతంది, మాట రావట్లేదు.”

“ఉన్నా” అన్నాడు. తర్వాత భయం వేసింది. “నేను నేల మీదున్నా కదా బావా. నీకేం కాదుగా?”

“కట్టుబాటు నా కాళ్ల కింద చూస్తది గానీ నీ కాళ్ల కింద చూడదు. నా కాళ్ల కింద నీళ్లే.” వెంకటపతి నవ్వాడు. “ఇన్నేళ్లలో పడవలో నువ్వు మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక బుట్ట నిండదు. ఒక్కసారి నోరు తెరిచావు, పాలెం మొత్తం మోగిపోయింది.”

పిచ్చేశ్వరరావు కూడా నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు, ఎవరు చూడొచ్చారని.

“పడవలో తోడు ఎవరు?”

“ఎవరూ లేరు.”

“ఒక్కడివే లాగుతున్నావా వల?”

“సగం వలే వేస్తన్నాలే.”

పడవ పక్కకి నీళ్లు తపతపా కొట్టుకోవడం వినిపిస్తోంది. ఆ చప్పుడుని బట్టి పడవ ముందు భాగం ఎటు తిరిగి ఉందో పిచ్చేశ్వరరావుకి కళ్లకి కట్టినట్టుంది.

“సీతారావమ్మ ఎలా ఉంది?”

“తిడతంది. అంటే బాగానే ఉంది. నీ పేరు ఎత్తకూడదు గదా, నీ వాటా తిట్లు కూడా నాకే.”

“నేనొచ్చి తప్పని చెప్పెయ్యనా బావా?”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని పిచ్చేశ్వరరావుకి తర్వాత గానీ తెలియలేదు. చచ్చినా అనకూడదని గట్టిగా అనుకున్న మాట. రాత్రుళ్లు పళ్ల మధ్య నొక్కిపట్టిన మాట.

అవతల లంగరు తాడు పైకి లాగుతున్న చప్పుడు. పోటు ఎక్కినట్టుంది. ఇంజను అందుకుంది. ఆ రొదలోంచి వెంకటపతి గట్టిగా మాట్లాడాడు.

“నువ్వు రావాలని నాకుంది బావా. పడవ సగం ఖాళీగా ఉంటే చూడలేకపోతన్నా. కానీ నువ్వు ఆ కండువా నేల మీద పరిస్తే అది కూడా చూడలేను. మడ నరికింది నిజం గదా. మొగ పూడింది నిజం గదా. నువ్వు రావాలనీ, వంగకూడదనీ, రెండూ నాలోనే ఉన్నాయి. నన్నేం చెప్పమంటావు?”

“ఏదో ఒకటి చెప్పు. నువ్వేది చెబితే అది చేస్తా.”

“ఆరోజు నేను...” అంటూ ఏదో మొదలెట్టాడు వెంకటపతి. ఇంజను ఆగిపోయింది. పడవ అడుగు ఇసుకలో గరగరమంది. బురదలోకి కాళ్లు దిగిన చప్పుడు. ఆ తర్వాత ఇక మాట లేదు.

“బావా” అన్నాడు పిచ్చేశ్వరరావు. జవాబు రాదని తెలిసే అన్నాడు.

ఫోను మాత్రం కట్ కాలేదు. చొక్కా జేబులో పడ్డట్టుంది. గుడ్డ రాపిడి, నడక, రొప్పు. ఎవరో పిల్లలు పరిగెత్తారు. చేతిపంపు కిర్రుమంది. ఆ పంపు దాటితే ఎడమ చేతి పక్క మూడో ఇల్లు.

“ఇంతసేపా?” అంది సీతారావమ్మ గొంతు. “పోటెక్కి ఎంతసేపయింది! ఎవరితో ఊసులాడతా కూర్చున్నావు?”

“నేల మీద నేనెవరితో మాట్లాడానే?” అన్నాడు వెంకటపతి.

“ఆ జేబులో ఏంటది, వెలుగుతంది?”

ఆవిడ చెయ్యి జేబులోకి వెళ్లినట్టుంది. గుడ్డ రాపిడి ఒకసారి గట్టిగా వినిపించి ఆగిపోయింది. ఆ తర్వాత, చెవి పక్కనే, ఊపిరి. గాజులు ఒకదానికొకటి తగిలాయి. పిచ్చేశ్వరరావు ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు. చెల్లెలు పలుకుతుందేమోనని భయం, పలకదేమోనని భయం.

ఆవిడ పలకలేదు. ఫోనుని ఎక్కడో పెట్టింది. గిన్నెల చప్పుడు దగ్గరగా వస్తోంది గనక పొయ్యి పక్క గూట్లో అయ్యుంటుంది. పెట్టి మొగుడితో మాట్లాడటం మొదలెట్టింది.

“కాళ్లు కడుక్కో. పక్కింటి తాటాకు కప్పు ఎగిరిపోయింది గదా, రేకులేసుకున్నారు. మన నల్ల మేక ఈనింది, రెండు పిల్లలు. గంగమ్మ గుడికి కొత్త తలుపు పెట్టారు, సగమే మూసుకుంటది. నాకు మోకాలు తగ్గింది, నాటు మందే పనిచేసింది. పెరట్లో మునగచెట్టు పడిపోయింది గానీ మొదట్లోంచి మళ్లీ చిగురేసింది...”

వెంకటపతికి తెలియనివి కావు అవి. అతను ఆఁ, ఊఁ అంటూనే ఉన్నాడు, ఎన్నడూ విననట్టు. ఆవిడ ఆగకుండా చెబుతూనే ఉంది. ఒకచోట దగ్గి సర్దుకుని, చద్దన్నం కుండ మూత తీసింది.

జీవరత్నం తలుపు కొంచెం తెరిచి చూసింది.

“బాబాయ్, మాటలైపోయాయాండీ? తర్వాతి ప్రోగ్రామ్‌కి ఆ లైను కావాలి.”

పిచ్చేశ్వరరావు ఫోను చెవి మీంచి తియ్యకుండా, చెయ్యెత్తి ఆగమన్నాడు.

“ఉండమ్మా” అన్నాడు గుసగుసగా. “మా చెల్లి అన్నం పెడతంది.”