ఖాళీ కాని మగ్గం

కోడలు తన మొదటి బట్ట నేసి, మగ్గం మీద మిగిలిన జానెడు పడుగు కోసెయ్యడానికి కత్తెర అందుకుంది. వంటింట్లోంచి అత్త గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఆగవే తల్లీ! కొంప ముంచేలా ఉన్నావు!"

"మిగిలిన ముక్కే కదా అత్తయ్యా?"

"దాన్ని పట్టుకునే కొత్త పడుగు మగ్గం ఎక్కేది. పాత పోగు ఒక్కోదానికీ కొత్త పోగు అతకాలి. మా అత్త అలాగే అతికింది, వాళ్లత్తా అంతే. ఈ మగ్గం ఖాళీగా ఉండగా చూసినవాళ్లు ఎవరూ లేరు."

కోడలు కత్తెర కింద పెట్టింది. అంటే, తను పుట్టకముందు మగ్గం ఎక్కిన పోగుల వరసకే తన పోగులూ అతుక్కోబోతున్నాయి.

పోగులు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంది. రెండు వేల నాలుగు వందల పోగులు మెలిపెట్టేసరికి రెండు రోజులు పట్టింది.

"ఇక లాగు" అంది అత్త. "మెల్లగా. తెగాయంటే ఇన్నాళ్ల వరసా నీతోనే ఆఖరు."

"భయపెట్టకండి అత్తయ్యా!"

ఊపిరి బిగబట్టి లాగింది. అతుకులన్నీ దువ్వెనలాంటి అచ్చు పళ్ల సందుల్లోంచి ఇవతలికి వచ్చాయి. ఒక్కటీ తెగలేదు. కోడలు వాటి మీద చెయ్యి ఆనించింది కానీ, నొక్కడానికి ధైర్యం చాల్లేదు.