అరువు మనిషి

ఆ కార్ల కంపెనీకి దేశంలో ఆరు ఫ్యాక్టరీలు. ఒకచోట ఇంజన్లు, ఒకచోట గేర్‌బాక్సులు, ఒకచోట సీట్లు, మిగిలినచోట్ల కార్లు తయారవుతాయి. ఒకచోట పని తగ్గి ఇంకోచోట పెరిగిందంటే, పక్కింటికి నిచ్చెన ఇచ్చినట్టు మనుషుల్ని ఇచ్చిపుచ్చుకుంటారు. నిచ్చెనైనా తిరిగొచ్చాక నాలుగు రోజులు గోడకు ఆనుకుని ఉంటుంది. గేర్‌బాక్సుల ఫ్యాక్టరీలో పనిచేసే ఇతనికి ఆ భాగ్యమూ లేదు.

అక్కణ్ణుంచి ఎవరిని పంపాలన్నా ముందు ఇతని పేరే. కాదనడం చేతకాదు మరి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? తోటివాళ్ళు అతనికి ‘అరువు’ అని పేరు కూడా పెట్టేశారు.

ఈసారి కార్లలో సీట్లు బిగించే పనికి వెళ్ళి, నడుము పట్టేసి, ఒక సాయంత్రం ఇల్లు చేరాడు. సంచి గుమ్మంలో దించి కుర్చీలో కూలబడ్డాడు. కూతురు నీళ్ళు తెచ్చింది. పళ్ళెంలో పెట్టి, పూల గాజుగ్లాసులో. అది చుట్టాలొస్తే తీసే గ్లాసు. తాగేదాకా పక్కనే బుద్ధిగా నిలబడి, “మళ్ళీ ఎప్పుడెళ్తావు నాన్నా?” అని అడిగింది.

వెటకారం కాదు. వచ్చినవాళ్ళను అలా అడగాలనుకుంది, అంతే.

“ఈసారి ఫ్యాక్టరీవాళ్ళు అడిగితే కుదరదని చెప్పండి,” అంది భార్య.

“చెప్తాలే.”

“మీరు చెప్పినట్టే, నేను విన్నట్టే.”

మర్నాడు ఫోర్‌మన్ పిలవనే పిలిచాడు. “ఇంజన్లవాళ్ళు మనుషుల్ని అడిగారయ్యా. సోమవారం బయల్దేరు.”

“నేను వెళ్ళలేను సార్.”

మిషన్ల హోరులో సరిగ్గా వినలేదేమో అనుకుని ఫోర్‌మన్ దగ్గరికొచ్చాడు. “ఏమన్నావ్?”

“వెళ్ళనంటున్నా సార్. నా కూతురికి నేను చుట్టాన్నైపోయాను.”

“మిగతావాళ్ళకి ఇళ్ళూ పిల్లలూ లేరా? సరే, నీ ఇష్టం. లైన్ లీడర్ పనికి నీ పేరు చెప్పాను, తీయించేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు.”

ఆ ప్రమోషన్ కోసమే ఇన్నేళ్ళూ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయాడు. “తీయించేయండి సార్,” అన్నాడు. తిరిగి తన మిషన్ దగ్గరికి నడిచాడు.

ఇంటికొచ్చేసరికి సంచి సర్దేసి గుమ్మంలో పెట్టి ఉంది. ఉతికిన యూనిఫాం, నడుముకి రాసుకునే మందు, అన్నీ అందులోనే. అతని మాట మీద భార్యకు అంత నమ్మకం మరి.

“విప్పెయ్. వెళ్ళట్లేదు.”

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. “మరి లీడర్ పని?”

“పోయింది.”

ఆవిడ బీరువాలో అతని అరలోకి ఎప్పుడో చేరిపోయిన తన బట్టలు తీసేసి, అతని చొక్కాలు పెట్టసాగింది.

అతను కుర్చీలో కూలబడి, “అమ్మలూ, కాసిని నీళ్ళు,” అన్నాడు.

బొమ్మకి రంగులేస్తున్న పిల్ల తలెత్తింది. “ఎప్పుడెళ్తావు నాన్నా?”

“వెళ్ళను.”

“ఈ వారమా?”

“ఇంక వెళ్ళను. ఇక్కడే ఉంటా.”

“అయితే నువ్వే తెచ్చుకో,” అని పిల్ల మళ్ళీ రంగుల్లో పడింది.

అతను నడుము పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసులు ఏ అరలో ఉంటాయో తెలియలేదు. ఒక్కొక్క తలుపూ తీసి వెతుక్కున్నాడు.