సీసం బిళ్ళ మీద పంటిగాటు

ఆ రోజు బిషాన్ పేటలోని ఆ ఫ్లాట్‌లో ఉన్నది నలుగురే. చరిత్ర పరిశోధించే ఇంటావిడ షహర్ బానో, ఆమె కూతురు ఉమైమా, స్నేహితురాలు లీలావతి, సెలవులకని ఊరి నుంచి లీలావతి దగ్గరికి వచ్చిన అక్క కూతురు కల్పన. పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పదు.

షహర్ బానో బల్ల మీది సీసం బిళ్ళను కల్పనకు చూపించింది. "వెయ్యేండ్ల కిందటి బైజాంటియం రాజ్యం ముద్ర బేటీ. ఉత్తరానికి దారం చుట్టి, ఆ దారాన్ని దీని సందుల దూర్చి నొక్కేటోళ్ళు. ఉత్తరాలు పోయినయ్, ఇవి మిగిలినయ్. ఏ ఊళ్ళె ఎవరు ఏ కొలువు చేసిండ్రో వీటిని చూసే చెప్పాలె. ఈయన రేవుల సుంకం అధికారి. చివరి వరుసల పేరింకా చదవలే. రేపు ఫొటో తియ్యాలె."

పెద్దవాళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. దారం దూరిన సందు ఒక పక్క నోరు తెరుచుకుని ఉండడం కల్పన చూసింది. ఇంటి దగ్గర చేపల వలకు కట్టిన సీసం ముక్క విచ్చుకుంటే నాన్న పంటితో నొక్కేస్తాడు. తనూ ఎన్నోసార్లు నొక్కింది. ఇదీ ఊడిపోతుందేమోనని నోట్లో పెట్టుకుని మెల్లగా కొరికింది. సందు మూసుకుంది. తీసి చూస్తే చివరి వరుస అక్షరాల మీద పంటిగాటు.

చున్నీతో తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

భోజనానికి పిలవడానికొచ్చిన షహర్ బానో బల్ల దగ్గర ఆగిపోయింది. "ఉమైమా! మళ్ళా నా బల్ల ముట్టినవా?"

"నో, అమ్మీ! రూమ్‌లోనే ఉన్నా!"

"భూతద్దం పగలగొట్టిన్నాడు గిట్లనే అన్నవ్. అరే, ఈ మనిషి బతికిండని చెప్పేది ఇదొక్కటే! పేరే పోయింది."

"మా కల్పనైతే అడక్కుండా మంచినీళ్ళ గ్లాసు కూడా ముట్టుకోదు ఆపా" అంది లీలావతి గర్వంగా.

కల్పన ఉమైమా మొహంకేసి చూస్తూ నిలబడింది. ఉమైమా ఏడుస్తూ గదిలోకి వెళ్ళిపోయింది. అన్నం వడ్డించారు. రెండు ముద్దలు తిని కల్పన చెయ్యి ఆపేసింది.

"నేనే ఆంటీ. సందు మూద్దామని... పంటితో నొక్కాను."

లీలావతి తల దించుకుంది. షహర్ బానో మాత్రం కంగారుగా లేచింది. "నోట్ల పెట్టుకున్నవా? సీసం విషం బేటీ!" కొళాయి దగ్గరికి లాక్కెళ్ళి, తన దోసిట్లో నీళ్ళు పట్టి పుక్కిలింపించింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కల్పనకు.

"ఊకెనే ఉమైమాను తిట్టిన. నేనూ సారీ చెప్పాలె. ముందు నువ్వు పో."

కల్పన తలుపు తట్టింది. ఉమైమా తీసింది.

"సారీ. నేనే చేశాను."

"విన్నా. అమ్మీ నన్ను తిడుతుంటే పక్కనే ఉన్నావ్ కదా?"

"ఉన్నాను."

"నా మొహమే చూస్తున్నావ్ కదా?"

కల్పన తలూపింది. ఉమైమా తలుపు మూసేసింది.