జమ్లి పిక్చర్స్

సోని తీసిన గంటసేపటి సినిమాకు మొదటి బొమ్మ దగ్గరే పేచీ వచ్చింది. టేకులపల్లి పక్క తండాలో పుట్టిన పిల్ల, కంపెనీకి తల్లి పేరే పెట్టుకుంది: జమ్లి పిక్చర్స్. చిన్నప్పటి నుంచి చూసిన సినిమాల్లో మొదట ఏముంటుంది? ఒక ఫొటో, దానికి దండ, ముందు దీపం, గంటల మోత. సోని కూడా తల్లి ఫొటోకు అచ్చం అట్లాగే దండ వేసి, దీపం వెలిగించింది. అదేదో గొప్ప గౌరవమనుకుంది, పిచ్చిపిల్ల.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. మేనమామ మంగీలాల్ కారేపల్లి నుంచి గుండెలు బాదుకుంటూ వచ్చి ఆటో దిగాడు. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న జమ్లి, పోయిందెవరని అన్ననే అడిగింది.

వేంసూరు మురళీకృష్ణకు ఇదే సందు దొరికింది. కెమెరా ఆయనదే, ఖమ్మంలో సినిమా వేయాల్సిన హాలూ ఆయనదే. దండ పోయినవాళ్లకేనని, ఆ చోట పోయిన తన తండ్రి వెంకటరామారావు గారి ఫొటో, తమ బ్యానర్ పేరు పడాలని, లేకపోతే హాలు లేదని తెగేసి చెప్పాడు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఎంత తేలిగ్గా అడుగుతారో!

సోనికి ఒళ్లు మండింది. హాలు పోతే ఖమ్మం చూడదు. పేరు పోతే ఎవరు చూసి ఏం లాభం?

"కెమెరా ఇచ్చినందుకు మీ పేరు చివర్ల వేస్త సారూ. ముందు మాత్రం మా యాడే, నన్ను కన్న అమ్మే ఉంటది," అంది.

హాలు పోయింది. ఆ రోజే జమ్లి కూతుర్ని పిలిచింది.

"దండ తీసెయ్ బిడ్డా. బతికే ఉన్న గదా, నన్నే నిలబెట్టు."

సోని తన ఫోన్‌తోనే తీసింది.

తండా బడి ముందు తెల్లగుడ్డ కట్టి, పొద్దుగూకగానే సినిమా వేశారు. ఎవరి పేరు పడుతుందో చూద్దామని మురళీకృష్ణ కూడా కారేసుకుని వచ్చాడు, చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. గంటలు మోగలేదు. తెర మీదికి జమ్లి నడిచొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గిది నా బిడ్డ సినిమా. నిలబడ్డోళ్లంత కూసోండ్రి."

సోని బొమ్మను అక్కడే ఆపేసింది. జనమంతా నేల మీద సర్దుకుని కూర్చున్నారు, తర్వాత ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. మురళీకృష్ణ కుర్చీ కోసం అటూ ఇటూ వెతికాడు. ఎవరూ లేవలేదు. తెర మీద జమ్లి అట్లాగే చూస్తూ ఉంది.

ఆయన ప్యాంటు పైకి లాక్కుని మంగీలాల్ పక్కన కింద కూర్చున్నాకే సోని సినిమాను కదిలించింది.