గేర్ల బండి

"ఇంక నీకు గేర్ల బండెందుకు? మోకాలు నొప్పి అంటున్నావుగా. ఆటోమేటిక్ బుక్ చేసేశా. పాతదాన్ని చూసుకోడానికి ఆదివారం ఒకాయన వస్తాడు."

మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు ఆ మాట. నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో ఆయన బనీను ఉంది. దాన్ని మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను.

"నన్నడగలేదే?"

"నీ మంచికేగా చేసింది. అడగడానికేముంది?"

మోకాలు నొప్పి అన్న మాట నిజమే. పోయిన నెలలో, మంచమెక్కుతూ, ఒక్కసారి అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నేనన్న వేల మాటల్లో ఆయన చెవిన పడి నిలిచింది అదొక్కటే కాబోలు. సంతోషించాల్సిందే. కానీ ఆ సాయంత్రం ఏ పని మీదా చెయ్యి నిలవలేదు. పాలు పొంగించాను. తాళాల గుత్తి ఎక్కడో పెట్టి అరగంట వెతుక్కున్నాను. ఊరికే రెండుసార్లు బయటికి వెళ్ళి కారు చుట్టూ తిరిగి వచ్చాను.

నేను పశువుల డాక్టర్ని. మా ఆస్పత్రి ఊరి చివర ఉంటుంది, నా పనిలో సగం మాత్రం కొండ మీది పల్లెల్లో. ఈనలేక అవస్థ పడుతున్న ఆవు ఆస్పత్రికి నడిచి రాలేదు కదా, నేనే వెళ్ళాలి. ఆ దారి ఎక్కడం, దిగడం అంతా రెండో గేరులోనే. ఈ ఉద్యోగంలో నాతో మూడు కార్లు పనిచేశాయి.

మొదటిది మా మామగారిది. తెల్లది, పెద్దది, నాకన్నా మొండిది. నేర్పుతానని మా ఆయన పక్కన కూర్చునేవాడు, ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద, ఒక కన్ను నా కాళ్ళ మీద. నేను క్లచ్ వదలగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. "గేరు వెయ్యమంటే పిండి రుబ్బుతావేంటి?" అనేవాడు. వరండాలోంచి మా అత్తగారు, "ఆవిడ చదువుకున్నది కదరా, ముందు పుస్తకం చూపించు" అనేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే కోడలికి మూతి ముడుపెక్కువ అంటారని భయం. చివరికి నాకు నేర్పింది మా ఆస్పత్రి జీపు డ్రైవరు. అందరం మీసాలాయన అనేవాళ్ళం. "స్పీడు ముల్లు వంక చూడకండి డాక్టరమ్మా, చెవి పెట్టండి. ఇంజను మూలిగిందంటే కింది గేరు అడుగుతున్నట్టు. గోల పెట్టిందంటే పై గేరు అడుగుతున్నట్టు. దానికేం కావాలో అదే చెబుతుంది" అన్నాడు. నోరులేని జీవాల దగ్గర నేను రోజూ చేసే పని కూడా అదే. వారంలో వచ్చేసింది.

రెండోది చిన్నది, నీలం రంగుది. పిల్లలిద్దరూ ఆ కారులోనే పెరిగారు. పొద్దున వాళ్ళని బడి దగ్గర దింపి, అటునుంచి కొండ ఎక్కి, దిగి, దారిలో మందుల షాపు, కూరగాయలు, మళ్ళీ బడి. మామగారు పోయాక అత్తగారిని ప్రతి మంగళవారం ఆస్పత్రికి తీసుకెళ్ళడం కూడా నా లెక్కలోకే వచ్చింది. భోజనం స్టీరింగు మీద డబ్బా పెట్టుకుని తినేదాన్ని. ఏడుపొస్తే రైలు గేటు పడినప్పుడు ఏడ్చేదాన్ని, గేటు లేచేలోపు అయిపోవాలి. వారమంతా ఇలా తిరిగిన కారు, సెలవు రోజున అందరం ఎక్కడికైనా బయల్దేరితే మాత్రం ఆయనదైపోయేది. తాళం ఇమ్మని అడిగేవాడు కూడా కాదు. చెయ్యి చాపేవాడు. నేను పెట్టేదాన్ని. ఎత్తులో నాలుగో గేరు వేసి లాగిస్తుంటే ఇంజను గిలగిలలాడేది. పక్క సీట్లో నా ఎడమకాలు తనంతట తానే నేలని నొక్కేది, అక్కడ క్లచ్ లేకపోయినా. "కింది గేరు వెయ్యండి" అని ఒక్కసారి అన్నాను. "నువ్వు నోటికి బ్రేకు వేస్తే నేను బండి నడుపుతా" అన్నాడు. వెనక సీట్లో పిల్లలు పడీ పడీ నవ్వారు. పాపం, అది తిట్టు అని వాళ్ళకి తెలీదు. జోకనుకున్నారు.

మూడోది ఈ బూడిద రంగుది. దీన్ని నేనే ఎంచుకున్నాను, రాళ్ళదారిలో కింద తగలనంత ఎత్తుందని. ఫీల్డు పనికి వాడే బండి ఉద్యోగి పేరు మీదే ఉండాలని మా ఆఫీసులో నిబంధన. అందుకని మా ఇంట్లో నా పేరు మీద ఉన్న వస్తువు ఇదొక్కటే అయింది. అప్పటికి మా ఆయనకి కంపెనీవాళ్ళు కారూ డ్రైవరూ ఇచ్చారు, దీన్ని ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. తొమ్మిదేళ్ళు. ఒకసారి పైపల్లెలో వానలో దూడని బయటికి తీసి చేతులు కడుక్కుని వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళు ఐదుగురు చీరలు ఎగదోపి వెనకనుంచి తోశారు. రెండో గేరులో పెట్టి, పల్లం రాగానే క్లచ్ వదిలాను. దగ్గి, ఊగి, అందుకుంది. బురదలో వాళ్ళు ఎగిరిన ఎగురుడు, వేసిన కేకలు! ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా ఆయన, "బ్యాటరీ చూసుకోవద్దూ?" అన్నాడు.

ఆ గురువారం పొద్దున ఫోనొచ్చింది, ఎవరిదో ఆవు ఈనలేకపోతోందని. బూట్లు వేసుకుంటుంటే ఆయన కాగితాలు పట్టుకొచ్చాడు. పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు పెట్టి ఉన్నాయి. "ఇక్కడా, ఇక్కడా, ఇక్కడా." ఎప్పుడూ అంతే, గుర్తున్న చోట నేను సంతకం పెడతాను. సూదిమందు సీసా మీద అక్షరం అక్షరం చదివే మనిషిని, ఇంట్లో ఒక్క కాగితమూ చదివి ఎరగను. పై కాగితం మీద గీకి, "మిగతావి వచ్చాక పెడతాను" అని పరిగెత్తాను.

ఆదివారం కారు కోసం వచ్చినాయన బడిపంతులు. వెంట కూతురు వచ్చింది, కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిందట, కారు ఆ అమ్మాయి కోసమే. నేను టీ తీసుకుని బయటికి వచ్చేసరికి మా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి చెబుతున్నాడు.

"మొదట్నుంచీ నా చేతి మీదే ఉందండీ. ఆవిడ కూరగాయలకి వాడేది, అంతే. ఆడవాళ్ళ చేతిలో నలిగిన బండి కాదు."

నా చేతిలో పళ్ళెం ఉంది కాబట్టి మర్యాదగా నిలబడ్డాను.

"ఒకసారి వెనక్కి తీసి చూపిస్తారా?" అంది ఆ అమ్మాయి.

మా ఆయన ఎక్కాడు. రివర్స్ అనుకుని వేశాడు, బండి ముందుకి దూకి పూలకుండీని పగలగొట్టింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ ముందుకే. గేరు కర్రుమంది. "చూశారా, గేర్‌బాక్సు ఎలా తయారుచేసిందో!" అన్నాడు. కూరగాయలకి వాడి అంత పాడు చేశానన్నమాట.

"రాడ్ మీద రింగుంది. దాన్ని పైకి లాగి వెయ్యాలి" అన్నాను.

పంతులుగారు నావైపు తిరిగాడు. "మరి కారు ఇచ్చేస్తే మీకు ఉద్యోగానికి ఇబ్బంది కాదామ్మా? కొండ మీదికి వెళ్తారని విన్నాను."

నాకన్నా ముందు మా ఆయనే అందుకున్నాడు. "ఇంకెక్కడి కొండండీ! టౌన్లో కుర్చీ పని చూశాం. వాళ్ళ పెద్దాఫీసరు నాతో పాటే పొద్దున నడకకి వస్తాడు. దరఖాస్తు కూడా పెట్టేసింది గురువారం. మా అమ్మని చూసుకోడానికి ఇంట్లో మనిషుండాలి కదా."

గురువారం. పై కాగితం.

పళ్ళెం అరుగు మీద పెట్టాను. కోపం ఆయన మీద ఎంతుందో నా మీదా అంతే ఉంది. వెళ్ళి కారు తలుపు తీశాను.

"దిగండి."

"ఏంటి?"

"దిగండి" అన్నాను. దిగాడు. పంతులుగారితో, "ఏమీ అనుకోకండి, ఈ బండి అమ్మడం లేదు. నా పేరు మీద ఉంది, నేను సంతకం పెట్టలేదు" అన్నాను.

"లోపలికి రా, మాట్లాడుకుందాం" అన్నాడాయన పళ్ళ బిగువున. కిటికీలోంచి అత్తగారి గొంతు, "పరాయివాళ్ళ ముందు మొగుడి పరువు తీస్తావుటే!" నేను ఎక్కి కూర్చుని రింగు పైకి లాగాను. ఎవరూ చెప్పకుండానే పంతులుగారి కూతురు వెళ్ళి గేటు బార్లా తీసి పట్టుకుంది.

మా పెద్దాఫీసరు ఇంటి ముందు మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూసి పైపు వదిలేశాడు. "ఏమ్మా, ఆదివారం పూట? మోకాలెలా ఉంది? మీవారు చెప్పారు, కొండ ఎక్కలేకపోతున్నారని. దరఖాస్తులో కూడా అదే రాశారుగా."

"సార్, నేను రాయలేదు. సంతకం పెట్టాను, చదవకుండా." ఆ మాట బయటికి వచ్చేసరికి నా చెవులు కాలిపోయాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు దగ్గరికొస్తోంది నాకు. "అది పైకి వెళ్ళిపోయిందా?"

"లేదు, బల్ల మీదే ఉంది. కానీ ఆలోచించుకోండి. మీ ఆయన చెప్పింది మీ మంచికేగా."

"మోకాలు నొప్పి నిజమే సార్. దానికి డాక్టరున్నాడు." కారులోంచి తెల్లకాగితం తీసి, బానెట్ మీద పెట్టి రాశాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని. మూడే వాక్యాలు. ఇచ్చేముందు రెండుసార్లు చదివాను. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని తీసుకున్నాడు.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కొండదారి మొదటి మలుపు దాకా వెళ్ళాను, ఎవరూ పిలవకుండా, ఏ జబ్బూ లేకుండా. ఆగి కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆకలేసింది.

తిరిగొచ్చేసరికి మా ఆయన హాల్లో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. అత్తగారు ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. నేను అన్నం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క కంచం.

"అయితే ఇంక నీ ఇష్టమేనా? నా మాటకి విలువ లేదా?" అన్నాడు. నేను కలుపుకుంటున్నాను. "సరే, కొండెక్కి ఊరేగు. అమ్మ సంగతేంటి? ఎల్లుండి మంగళవారం, గుర్తుందా?"

"గుర్తుంది. పొద్దున పదకొండింటికి. పాత చీటీలు బీరువా పై అరలో ఉన్నాయి. ఆవిడకి మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి, వెనకనుంచి కాదు, పక్కనుంచి."

ఆయన పచార్లు ఆపాడు.

"నేనా? నాకు ఆఫీసు లేదూ?"

"నాకూ ఉంది" అన్నాను.